ఎన్ని రూపాయల వడ్డీ?

ఈసారి ఎంచుకున్న అయిదు ఉత్తరాలూ కొత్తగా సంపాదన మొదలుపెట్టినవాళ్ళవి, లేదా మొదటిసారి లెక్క రాసుకుందామని కూర్చున్నవాళ్ళవి. పేర్లు వేయవద్దన్నారు కాబట్టి ఊళ్ళు మాత్రమే ఇస్తున్నాను.

జవాబులకు ముందు ఒక మాట. బ్యాంకులో ఉన్నంతకాలం నేను శాతాల్లో మాట్లాడాను, కౌంటరు అవతల నిలబడ్డవాళ్ళు రూపాయల్లో మాట్లాడారు. “రెండు రూపాయల వడ్డీకి తెచ్చానమ్మా” అంటే నూటికి నెలకు రెండు రూపాయలు, ఏడాదికి 24 శాతం. నాకు వాళ్ళ లెక్కే నచ్చింది. 42 శాతం అంటే విని ఊరుకునే మనిషి కూడా మూడున్నర రూపాయలు అనగానే ఉలిక్కిపడతాడు. అందుకే ఇక్కడ కార్డయినా, చీటీ అయినా, పాలసీ అయినా రూపాయల వడ్డీలోకే మార్చి చెబుతాను. మీరూ మార్చుకోవచ్చు. ఏడాది శాతాన్ని పన్నెండుతో భాగిస్తే చాలు.

*

“మేడమ్ గారూ, మాది నరసరావుపేట దగ్గర పల్లె. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. చేతికి 31,400 వస్తుంది. భోజనంతో కలిపి హాస్టల్‌కి 8,500, ఇంటికి 8,000, బస్సుకీ మెట్రోకీ 1,800, ఫోన్‌కి 350, క్రెడిట్ కార్డుకి మినిమమ్ 1,900. మిగతావి ఇతరాలు. ఇరవయ్యో తారీఖు దాటితే అకౌంట్‌లో ఏమీ ఉండదు. కార్డు మీద 38,000 బాకీ ఉంది. నా రూమ్మేట్ మ్యూచువల్ ఫండ్‌లో నెలకు 2,000 సిప్ కడుతున్నాడు, నన్నూ మొదలుపెట్టమంటున్నాడు. ఏ ఫండ్ మంచిది? జీతం స్లిప్పు, కార్డు స్టేట్‌మెంటు జత చేశాను.”
– హైదరాబాద్

ఇప్పుడప్పుడే ఏ ఫండూ వద్దు బాబూ.

నువ్వు పంపిన స్టేట్‌మెంటు రెండో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది చూడు, నెలకు 3.5 శాతం అని. మీ ఊళ్ళో దాన్ని మూడున్నర రూపాయల వడ్డీ అంటారు. మీ నాన్నగారు ఎరువుల కోసం ఆ వడ్డీకి అప్పు తెస్తే ఇంట్లో ఎంత గొడవ జరిగేదో నీకు తెలుసు. అదే వడ్డీకి నువ్వు హెడ్‌ఫోన్స్ కొన్నావు.

38,000 మీద నెల వడ్డీ 1,330. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, 239 రూపాయలు. రెండూ కలిపి 1,569. నువ్వు కడుతున్నది 1,900. అంటే అసలులో తగ్గింది 331 రూపాయలు. మినిమమ్ కడితే ఆలస్య రుసుము పడదు, అప్పులు ఎలా తీరుస్తావో బ్యాంకులకు చెప్పే సిబిల్ స్కోరు మీద ‘వాయిదా తప్పాడు’ అన్న మచ్చ పడదు. అంతవరకే దాని ఉపయోగం. బాకీ ఉన్నచోటే ఉంటుంది. పైగా బాకీ మిగిలి ఉన్నంతకాలం ఆ కార్డు మీద కొత్తగా కొన్న వస్తువుకి ఆ నలభై చిల్లర రోజుల వడ్డీ లేని గడువు కూడా వర్తించదు. కొన్న రోజు నుంచే వడ్డీ మొదలు. ఈ సంగతి కార్డు అమ్మడానికి వచ్చిన కుర్రాడు చెప్పడు, చెబితే ఆ నెల అతని టార్గెట్ పూర్తి కాదు.

ఇక సిప్. ఏడాదికి పన్నెండు శాతం వచ్చిందనే అనుకుందాం, అదీ ఖాయమేం కాదు. రూపాయి వడ్డీ రాబట్టడానికి డబ్బు ఒకచోట పెడుతూ, ఇంకోచోట మూడున్నర కడుతూ కూర్చోవడం ఏం తెలివి?

బ్యాంకుకి ఫోన్ చేసి మొత్తం బాకీని ఈఎంఐగా మార్చమని అడుగు. నెలకు ఒకటిన్నర శాతం చొప్పున 12 నెలలకు ఇస్తే వాయిదా 3,484 అవుతుంది, వడ్డీ భాగం మీద జీఎస్టీ అదనం. ప్రాసెసింగ్ ఫీజు ఎంత, ముందే కట్టేస్తే జరిమానా ఉందా అని కూడా అడుగు. ఒప్పుకున్నాక కార్డు ఊళ్ళో అమ్మ బీరువాలో పెట్టి రా. షాపింగ్ యాప్‌లలో సేవ్ అయి ఉన్న కార్డు నంబరు తీసెయ్యి, లేకపోతే కార్డు నరసరావుపేటలో ఉన్నా ఖర్చు మాదాపూర్‌లో జరుగుతూనే ఉంటుంది.

“మిగతావి ఇతరాలు” అని రాసేశావు కానీ ఎంతో రాయలేదు. నేనే తీసివేత వేశాను. 10,850. జీతంలో మూడో వంతుకి పైన! యూపీఐ యాప్‌లో హిస్టరీ తెరిచి కిందటి నెల ఒకటో తారీఖు నుంచి ఒక్కొక్కటే కాగితం మీదకు ఎక్కించు. యాప్ గీసిచ్చే రంగుల చక్రాలు వద్దు, చేత్తోనే రాయాలి. 20, 20, 45, 180, 20, 310 అని రాస్తూ పోతుంటే పదో తారీఖు దగ్గరికి వచ్చేసరికి నీకే అర్థమవుతుంది. హాస్టల్ భోజనానికి డబ్బు కట్టి రాత్రి పదకొండింటికి మళ్ళీ బయట నుంచి తెప్పించుకున్నవి విడిగా కూడు. బిర్యానీ మానేయమని చెప్పను. హైదరాబాద్‌లో ఉంటూ బిర్యానీ మానేసినవాడి ఉత్తరం నాకు ఇంతవరకు రాలేదు. నెలకు ఎన్నో నువ్వే తేల్చుకో.

ఆ తర్వాత ఇంకో బ్యాంకులో ఖాతా తెరువు. మీ ఇంట్లో ఆవకాయ పెద్ద జాడీ అటక మీద ఉంటుంది, రోజూ వాడేది చిన్న సీసాలోకి తీస్తారు. పెద్ద జాడీలో తడి చెయ్యి పెట్టనివ్వరు. జీతం పడే ఖాతా పెద్ద జాడీ అనుకో, దానికి యూపీఐ కలపకు. హాస్టల్, ఇల్లు, ఈఎంఐ అందులోంచే వెళ్ళాలి. వారానికి 2,000 చొప్పున రెండో ఖాతాకి సోమవారం సోమవారం వెళ్ళేలా పెట్టుకో, ఫోన్‌లో ఉండే యూపీఐ దానికే ఉండాలి. బస్సు ఖర్చు కూడా అందులోంచే. గురువారానికే అయిపోయిందనుకో, శుక్రవారం హాస్టల్ సాంబారే.

నీ జీతం స్లిప్పులో నువ్వు పట్టించుకోని గడి ఒకటుంది, పీఎఫ్ 1,800. ఏమీ దాచడం లేదని బాధపడుతున్నావు కానీ అది నీ పొదుపే. 15,000 మీద 12 శాతం నీ వాటా. కంపెనీ కూడా 1,800 కడుతుంది, అందులో 1,250 పెన్షన్ పథకానికి పోయి 550 నీ పీఎఫ్‌లో చేరుతుంది. అంటే నెలకు 2,350 నీ పేర జమవుతోంది. 2024-25కి దాని మీద 8.25 శాతం ఇచ్చారు. దాదాపు డెబ్భై పైసల వడ్డీ. ఉద్యోగం మారినప్పుడు ఆ డబ్బు తీసేసుకుని ఫోన్ కొనేవాళ్ళే ఎక్కువ. నువ్వు పాత యూఏఎన్, అంటే నీ పీఎఫ్ నంబరే కొత్త కంపెనీకి ఇచ్చి బదిలీ చేయించుకో.

కార్డు తీరాక ఆ వాయిదా డబ్బునే నెలనెలా పక్కన పెట్టు. మూడు నెలల ఖర్చు, నీ లెక్కన ఓ 70 వేలు, ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో చేరాక అప్పుడు రాయి, ఫండ్ల సంగతి మాట్లాడుకుందాం. మీ రూమ్మేట్‌కి కార్డు బాకీ ఎంత ఉందో కూడా అడిగి రాయి.

*

“నమస్తే అండీ. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. మా వీధిలో పిన్ని వరుసయ్యే ఆవిడ లక్ష రూపాయల చీటీ నడుపుతున్నారు. 20 మందిమి, నెలకు 5,000. ఆవిడ కమిషన్ 5,000. మొదటి నెల చీటీ ఆవిడే తీసుకున్నారు. రెండో నెల తగ్గింపు పోను 4,150 కట్టాను. ఇప్పుడు మూడో నెల. 22,000 వదులుకుంటే 78,000 నాకు వస్తుంది. ఓవర్‌లాక్ మెషిన్ 28,000 అంటున్నారు. మిగతాది ఇంట్లో ఉంటుంది కదా అని. పాడమంటారా? డ్వాక్రా గ్రూపులో కూడా ఉన్నాను.”
– తణుకు

లెక్క ఇంత వివరంగా రాసినందుకు ముందు మిమ్మల్ని మెచ్చుకోవాలమ్మా. చాలామంది “చీటీ ఎత్తాను” అంటారే గానీ ఎంతకి ఎత్తారో చెప్పలేరు.

మీరు పాడితే ఏమవుతుందో చూద్దాం. వదులుకున్న 22,000లో ఆవిడ కమిషన్ 5,000 పోగా 17,000 ఇరవై మందికి పంచితే తలా 850. అంటే కిందటి నెలలాగే ఈ నెలా 4,150 కట్టాలి. మున్ముందు పాట తగ్గుతూ పోతుంది, చివరి నెలల్లో దాదాపు పూర్తి 5,000 కట్టాల్సి వస్తుంది. కాబట్టి మిగిలిన 17 నెలలు సగటున 4,550 అనుకుందాం, మొత్తం 77,350. ఈ నెలతో కలిపి మీరు కట్టింది 13,300. అంతా కలిపితే 90,650 కట్టి 78,000 తీసుకుంటారు.

తేడా 12,650. ఇరవై నెలలకు పన్నెండు వేలే కదా అనిపిస్తుంది. ఇక్కడే పొరపాటు పడతాం. వచ్చే 78,000లో 13,300 మీ డబ్బే. మీకు నిజంగా అప్పుగా వచ్చేది 64,700. అదీ ఇరవై నెలలూ మీ దగ్గర ఉండదు, నెలనెలా తిరిగి ఇచ్చేస్తూ ఉంటారు. ఆ ప్రకారం లెక్క వేస్తే ఇది రెండు రూపాయల వడ్డీ.

రెండు రూపాయల వడ్డీ ఊళ్ళో మామూలే, దానికోసం చీటీలను తిట్టను. కానీ మీకు కావలసింది 28,000. మిగిలిన 50,000 రెండు రూపాయల వడ్డీకి తెచ్చి బీరువాలో పెడతానంటున్నారు. ఇంట్లో యాభై వేలు ఉన్నాయన్న సంగతి ఎలా పొక్కుతుందో గానీ, నెల తిరక్కుండా ఎవరికో ఏదో అవసరం పడుతుంది. మీరు లేదనలేరు.

డ్వాక్రా గ్రూపులో ఉన్నానన్నారు కదా, ఇంక వెతుక్కోవడం ఎందుకు? స్వయం సహాయక సంఘాలకు 3 లక్షల లోపు బ్యాంకు రుణం ఏడాదికి 7 శాతానికి ఇస్తున్నారు. అరవై పైసల వడ్డీ కూడా కాదు. మీ గ్రూపు పాత రుణం సకాలంలో తీరుస్తోందా, కొత్తది ఎప్పుడు వస్తుంది అని లీడర్‌ని అడగండి. రెండు నెలలు ఆగాల్సి వచ్చినా ఆగండి. ఓవర్‌లాక్ అప్పటిదాకా బయట చేయించుకోవచ్చు.

ఇక అసలు భయం వేరే ఉంది. 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం ప్రకారం చీటీ నడపాలంటే రిజిస్ట్రార్ దగ్గర అనుమతి తీసుకోవాలి, చీటీ మొత్తానికి సరిపడా హామీ చూపాలి, సభ్యులకు రాతపూర్వక ఒప్పందం ఇవ్వాలి. మీ వీధి చీటీకి ఇవేవీ ఉండవు. పిన్నిగారు మంచివారే కావచ్చు. పాడుకున్న ఇద్దరు కట్టడం మానేస్తే ఆవిడ ఎక్కడి నుంచి తెస్తారు? మధ్యలో మానేస్తే మాట వస్తుంది కాబట్టి ఈ ఒక్కటీ నడిపించండి. కట్టిన ప్రతిసారీ చిన్న పుస్తకంలో తేదీ, మొత్తం రాసి ఆవిడ సంతకం తీసుకోండి. “నమ్మకం లేదా?” అంటే “మా ఆయన అడుగుతారండీ” అనండి, మొగుళ్ళు ఇలాంటప్పుడే అక్కరకొస్తారు. చివరిదాకా ఆగితే లాభం ఎక్కువ అని ఎవరైనా చెబితే, అందరికంటే ఎక్కువ కాలం మీ డబ్బు ఆవిడ దగ్గర ఉంటుందన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. నడిమి నెలల్లో తక్కువకు పోయినప్పుడు తీసుకుని బ్యాంకులో వేసుకోవడం నయం. ఇది అయ్యాక పొదుపు కోసమైతే పోస్టాఫీసు ఆర్‌డీ ఉంది, నెలకు 100 నుంచి కట్టుకోవచ్చు, గడువు అయిదేళ్ళు.

*

“మేడం, నేను హన్మకొండలో ఆటో నడుపుతా. గ్యాస్ పోను రోజుకు 700 నుంచి 900 మిగులుతయి. ఆటో కిస్తీ నెలకు 6,800. నెల జీతం ఉన్నోళ్ళకే బడ్జెట్ కుదురుతది, మాకెట్ల? పోయినేడు ఇన్సూరెన్స్ కోసం గిరిగిరిల 10,000 తీసుకున్న. చేతికి 8,500 ఇచ్చిండ్రు, రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టిన. నూటికి పదిహేనే కద, మూడు నెలలకు. అంటే అయిదు రూపాయల మిత్తి. మళ్ళ తీసుకోవచ్చా?”
– హన్మకొండ

అయిదు కాదు తమ్ముడూ, పది.

మీ చేతికి వచ్చింది 8,500. మర్నాటి నుంచే వంద తిరిగి ఇవ్వడం మొదలుపెట్టారు. యాభయ్యో రోజుకు సగం తీరిపోయింది, కానీ మిత్తి మాత్రం మొత్తం డబ్బు వంద రోజులు మీ దగ్గరే ఉన్నట్టు వేసుకున్నారు. రోజువారీ లెక్క కడితే నెలకు నూటికి దాదాపు పది రూపాయలు పడింది. మళ్ళీ తీసుకోకండి.

అసలు ఎందుకు తీసుకోవాల్సి వచ్చింది? ఇన్సూరెన్స్ ప్రతి ఏడూ అదే నెలలో వస్తుంది. ఫిట్‌నెస్, టైర్లు కూడా అంతే. ఇవి అనుకోని ఖర్చులు కావు. నెలకు 26 రోజులు ఆటో తిరిగిందనుకుంటే కిస్తీకి రోజుకు 262, ఈ ఏడాది ఖర్చులకు రోజుకు 40. మొత్తం 302 సంపాదన కాదు, బండి భాగం. సాయంత్రం ఇంటికి వెళ్ళే ముందే ఆ 302 ఇంకో ఖాతాలో వేసేయండి. రోజుకు 40 అంటే ఏడాదికి 12,480. మిగిలిన నాలుగు నుంచి ఆరు వందలే ఇంటి ఖర్చు. జీతగాళ్ళకు నెలకోసారి బడ్జెట్, మీకు రోజూ రాత్రి ఎనిమిదింటికి. గిరాకీ బాగా ఉన్న మేడారం జాతర రోజుల్లో వచ్చినది పూర్తిగా పక్కన పెట్టండి, వానాకాలంలో ఆటో నిలిచిపోయిన రోజుకు అదే కిస్తీ కడుతుంది.

రోడ్డు మీద బతికే మనిషి కాబట్టి ఇంకొకటి. బ్యాంకులో అడిగి రెండు కాగితాల మీద సంతకం పెట్టండి. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు, ప్రమాద మరణానికి 2 లక్షలు. జీవన్ జ్యోతికి 436 రూపాయలు, ఏ కారణంతో మరణించినా 2 లక్షలు. మొదటిదానికి 18 నుంచి 70 ఏళ్ళ వయసు, రెండోదానిలో చేరడానికి 50 దాకా. రెండూ కలిపి 456. మే నెలాఖరుకు ఖాతాలో ఆ డబ్బు ఉండేలా చూసుకోండి. లేకపోతే కట్ కాదు, ఆ సంగతి ఇంట్లోవాళ్ళకు చాలా ఆలస్యంగా తెలుస్తుంది.

*

“మేడమ్, నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మా బాబాయి ఇన్సూరెన్స్ ఏజెంటు. ఏడాదికి 36,000 చొప్పున 20 ఏళ్ళు కడితే 13 లక్షలు వస్తాయట, మధ్యలో ఏదైనా అయితే 7 లక్షలు. పోయిన వారమే బాండు వచ్చింది. వద్దంటే బాబాయి నొచ్చుకుంటాడని అమ్మ. ఏం చేయను?”
– అనంతపురం

20 ఏళ్ళలో మీరు కట్టేది 7,20,000. వచ్చేది 13 లక్షలు. వినడానికి దాదాపు రెట్టింపు. వడ్డీ చూస్తే ఏడాదికి అయిదున్నర శాతం లోపే, నలభై అయిదు పైసలు. అదే 36,000 ఏటా పీపీఎఫ్ అనే ప్రభుత్వ పొదుపు పథకంలో వేస్తే, ఇప్పటి 7.1 శాతమే కొనసాగిందనుకుంటే, 20 ఏళ్ళకు దాదాపు 16 లక్షలు. పీపీఎఫ్ గడువు 15 ఏళ్ళు, ఆ తర్వాత అయిదేళ్ళు పొడిగించుకోవాలి. రేటును ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది కానీ 2020 ఏప్రిల్ నుంచి అదే ఉంది. ఏడాదిలో కుదరకపోతే 500 వేసినా ఖాతా నిలబడుతుంది. పాలసీకి ఆ వెసులుబాటు లేదు, ప్రైవేటు స్కూలు జీతం వేసవిలో ఎలా ఉంటుందో నేను చెప్పాలా?

మీ మీద ఆధారపడినవాళ్ళు ఉంటే 7 లక్షల బీమా దేనికీ చాలదు. డబ్బు వెనక్కి రాని టర్మ్ పాలసీ తీసుకుంటే ఇంతకు ఎన్నో రెట్ల బీమా ఈ ప్రీమియంలో కొద్ది భాగానికే దొరుకుతుంది.

బాండు అందిన రోజు నుంచి 30 రోజుల లోపు పాలసీని తిప్పి పంపవచ్చు. స్టాంపు, వైద్య పరీక్షల లాంటి కొద్ది ఖర్చులు పట్టుకుని మిగతాది ఇచ్చేస్తారు. మీకు ఇంకా మూడు వారాలు ఉన్నాయి.

బాబాయితో ఫోన్‌లో తేల్చకండి. ఇంటికి వెళ్ళి, కాఫీ తాగాక, “బాబాయ్, ఇంత కట్టలేను, నాకు టర్మ్ పాలసీ నువ్వే చెయ్యి” అనండి. ఆయనకు కమిషన్ తగ్గుతుంది, మాట మాత్రం పోదు. పిన్నిగారు ఎదురుగా ఉన్నప్పుడు అడిగితే ఇంకా తేలిక.

*

“స్నేహితుడికి 50,000 చేబదులు ఇచ్చాను. ప్రామిసరీ నోటు ఉంది, రాసి రెండున్నరేళ్ళు దాటింది. అడగాలంటే మొహమాటం. నోటు ఉంది కదా, పరవాలేదా?”
– ఒంగోలు

పరవా ఉంది. అడగ్గానే ఇస్తానని రాసిన నోటు మీద దావా వేయడానికి రాసిన తేదీ నుంచి మూడేళ్ళే గడువు. మీకు నెలలే మిగిలాయి. మొత్తం అడగలేకపోతే “పిల్లల ఫీజుకి ఓ వెయ్యి సర్దు” అనండి. ఇచ్చినప్పుడు నోటు వెనక “ఫలానా తేదీన ఇంత చెల్లించాను” అని ఆయన చేతే రాయించి సంతకం పెట్టించండి. మూడేళ్ళు దాటకముందు అలా చెల్లు పడితే ఆ తేదీ నుంచి మళ్ళీ మూడేళ్ళు లెక్క. వెయ్యి ఫోన్‌పేలో పంపేస్తానంటే పంపనివ్వండి, నోటు తీసుకుని మాత్రం మీరే వాళ్ళింటికి వెళ్ళండి.